మా పాలోడు

మా బాపు లెక్కలో, దేశం తరఫున ఏళ్ళ తరబడి ఆడిన ఆ పెద్ద బ్యాట్స్‌మన్ మాకు పాలోడు. అంటే ఒకే ఇంటిపేరు, ఒకే వంశం. వాళ్ళింట్లో చావైతే మనింట్లో సూతకం పట్టి, దేవుడి దగ్గర దీపం కూడా పెట్టకూడనంత దగ్గర. ఈ సంగతి బాపు అడిగినవాళ్ళకు చెప్పేవాడు, అడగనివాళ్ళకు ఇంకా ఎక్కువ చెప్పేవాడు. సూరత్ నవాగామ్‌లో మా గల్లీ చివర కిరాణా కొట్టు కాకాకు చెప్పాడు. గ్యాస్ బండ మోసుకొచ్చే అతనికి చెప్పాడు. నన్ను చూడటానికి వచ్చిన పెళ్ళివాళ్ళకు చాయ్ చల్లారిపోయేదాకా చెప్పాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ మాటల వల్లే రాలేదని నేననను. రాకపోవడమే నయమైంది.

ఈ చుట్టరికం ఒక చాయ్ దుకాణం టీవీలో పుట్టింది. బాపు సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన కొత్త. సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడిపే షెడ్డులో పని. దాన్ని ఇక్కడ ఖాతా అంటారు. పొద్దంతా ఆ మోతలో నిలబడి బయటికొచ్చినా చెవుల్లో అదే మోత. దుకాణంలో మ్యాచ్ నడుస్తుంటే మాటలు వినబడేవి కావు కాబట్టి తెర మీద అక్షరాలు చూస్తూ కూచునేవాడు. ఇంగ్లిషులో ఆయన చదవగలిగిన మాట ఒక్కటే, తన ఇంటిపేరు. గేటు పాస్ మీద, రేషన్ కార్డు మీద చూసి చూసి పట్టుబడింది. ఆ రోజు జట్టులోకి కొత్తగా వచ్చిన ఎడంచేతి కుర్రాడు నడిచి వస్తుంటే తెర కింద పేరు పడింది. బాపు చాయ్ గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడట. తన ఇంటిపేరు టీవీలో వచ్చింది మరి.

తప్పంతా ఇంగ్లిషుది. ఆ ఆటగాడి ఇంటిపేరులో మొదటి అక్షరానికి దీర్ఘం ఉంది, మాకు లేదు. ఇంగ్లిషువాళ్ళు రెంటికీ ఒకే అక్షరం పెట్టి చేతులు దులుపుకుంటారు. నేను బడిలో హిందీ చదవడం నేర్చుకున్నాక పేపర్లో ఆటల పేజీలో ఆ పేరు దీర్ఘంతో చూశాను. వాళ్ళది మహారాష్ట్ర. అది వాళ్ళ పాత ఊరిని బట్టి వచ్చిన పేరు. మాదేమో మగ్గంలో ఒక కర్రను బట్టి వచ్చింది. పేపరు తెచ్చి బాపు ముందు పెట్టాను. ఆ దీర్ఘం మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. ఇంత చిన్న గీతకు ఇంత గొడవా అన్నట్టు నా మొహం చూశాడు.

"మనోళ్ళు ఎన్కట మగ్గాలు పట్టుకొని మహారాష్ట్ర పోలేదా? ఆడికి పోయినంక నోరు తిరగక సాగదీసిన్రు," అన్నాడు.

నేను పేపరు మడిచి పెట్టేశాను. అమ్మ మాత్రం ఊరుకునేది కాదు. చీరలకు లేసు కుడుతూ, సూది మీంచి తల ఎత్తకుండా, నీ పాలోడైతే ఒక్కనాడన్నా మనింటికొచ్చి చాయ్ తాగాడా అని అడిగేది. ఆయనకు తీరిక ఎక్కడిదని బాపు అనేవాడు. ప్రతి సిరీస్‌కూ ఈ ప్రశ్న, ఈ జవాబు మా ఇంట్లో మామూలే.

పాలోళ్ళన్నాక వరుస తేలాలి కదా, ఎవరు అన్న, ఎవరు తమ్ముడు అని. ఇద్దరూ పుట్టింది ఒకే సంవత్సరం. ఆయన పుట్టినరోజు టీవీవాళ్ళు ఏటా ఎండాకాలంలో గుర్తుచేస్తారు. మా బాపు ఏ నెలలో, ఏ రోజున పుట్టాడో ఎవరికీ తెలియదు. బడిలో చేర్చుకున్న సారు జనవరి ఒకటి అని రాసిపడేశాడు, ఆ తరంలో సగం మందికి రాసినట్టే. ఆధార్‌లోనూ అదే ఎక్కింది. ఆ జనవరి ఒకటి పుణ్యాన మా బాపు అన్న అయ్యాడు. ఆయన గురించి ఏం చెప్పాలన్నా ముందు "నాకంటే చిన్నోడు" అని మొదలుపెట్టేవాడు. పెద్దవాడికి తిట్టే హక్కు ఉంటుంది. మా బాపు ఆ హక్కును ఒక్క రోజు కూడా వృథా పోనివ్వలేదు.

ఆ బ్యాట్స్‌మన్ ఆట గురించి నాకు తెలిసిందంతా ఆ తిట్లలోంచే తెలిసింది. స్టంప్‌లకు దూరంగా పోయే బంతిని ఊరికే ముట్టుకోవడం ఆయన జబ్బు. దాని తోవన అది పోతుంటే నీకేం నొప్పిరా అని బాపు టీవీ మీదికి లేచేవాడు. చెవులు సగం పోయిన మనిషి కదా, ఆ అరుపు గల్లీ అంతటికీ వినబడేది. పరుగులు రాక ఆయన్ని జట్టులోంచి తీసేసిన రోజుల్లో మా ఇంట్లో క్రికెట్ పెట్టనివ్వలేదు. ఇంట్లో మనిషికి పని పోయినట్టే తిరిగాడు. మళ్ళీ పిలిచినప్పుడు, పరాయి దేశంలో, బొటనవేలు విరిగినా సాయంత్రందాకా నిలబడి వంద కొట్టాడు ఆయన. ఆ రోజు బాపు నోట తిట్టు రాలేదు. కట్టు కట్టిన ఆ వేలిని తెర మీద దగ్గరగా చూపిస్తుంటే తన చెయ్యి చూసుకున్నాడు. సాంచాలో పడి ఆయన చూపుడువేలు ఎప్పుడో వంకరపోయింది. మన వంశంలో వేళ్ళు ఇట్లాగే ఉంటాయన్నాడు. అమ్మ వంటింట్లోంచి ఫక్కున నవ్వింది. అప్పట్లో మా ఇంట్లో నవ్వడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

ఒకసారి ఆ బ్యాట్స్‌మన్ సూరత్ వచ్చాడు. రింగ్ రోడ్డు మీద ఒక చీరల షోరూమ్ తెరవడానికి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. బాపు ఖాతా నుంచి సరాసరి, ఒంటి మీద దూది నూగుతోనే పోయాడు. నా తమ్ముణ్ణి భుజాల మీద ఎక్కించుకున్నాడు, నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయాడు. ఆయన కారు దిగి లోపలికి పోతుంటే అందరూ పేరు పెట్టి అరుస్తున్నారు. మా బాపు ఒక్కడే ఇంటిపేరు పెట్టి అరిచాడు, దీర్ఘం లేకుండా, మా ఇంటిపేరు. ఆయన తిరిగి చూశాడు. మావైపే చూసి చెయ్యి ఊపాడు. తన పేరు లాంటిది వినబడితే ఎవరైనా తిరుగుతారు. ఆ మాట బాపుతో అని చూడండి. ఇంటికొచ్చేదాకా తమ్ముడి కాళ్ళు పట్టుకుని "తిరిగిండా లేదా? పిలిస్తే తిరిగిండా లేదా?" అని అడుగుతూనే ఉన్నాడు. వాడు పైనుంచి తిరిగిండు, తిరిగిండు అని కేకలు పెట్టాడు.

వాడి చేతికి బ్యాట్ ఇచ్చింది కూడా ఆ మరుసటి రోజే. వాడు అన్నం తినేది కుడిచేత్తో, రాసేది కుడిచేత్తో, నా జుట్టు పీకేది కుడిచేత్తో. బ్యాటింగ్ మాత్రం ఎడంచేతివాటం. పాలోడు ఎడమైతే వీడు కుడి ఎట్లా అవుతాడని బాపు వాణ్ణి తిప్పి నిలబెట్టాడు. మొదట్లో బంతి ఎక్కడో, బ్యాట్ ఎక్కడో. తర్వాత అలవాటైపోయింది. వాడు పెద్ద ఆటగాడేం కాలేదు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ల మీద పనికి కుదిరాడు, ఆదివారాలు డిండోలీ వైపు ఖాళీ స్థలంలో టెన్నిస్ బంతితో మ్యాచ్‌లు ఆడేవాడు. ఎడంచేత్తో ఆడే వీడిని అక్కడి పిల్లలు ఆయన ఇంటిపేరు పెట్టే పిలిచేవాళ్ళు. వాళ్ళకు అది ముద్దుపేరు. వాడికి మాత్రం అది సొంత ఇంటిపేరే కదా, హాయిగా పలికేవాడు.

ఆ బ్యాట్స్‌మన్ ఆట మానేసిన రోజు గ్రౌండ్‌లో అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. బాపు కూడా మంచం మీంచి లేచి నిలబడ్డాడు. తర్వాత ఆయన కోటు వేసుకుని కామెంటరీ చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు చాలా మెత్తన. మా బాపుకు ఒక్క ముక్క వినబడేది కాదు. తమ్ముడు పక్కన కూచుని ప్రతి మాటా పెద్దగా మళ్ళీ చెప్పేవాడు, మధ్యలో తన మాటలు కలిపి. మీ అన్న అట్లా కొట్టమన్నాడు, మీ అన్న ఇట్లా ఆడమన్నాడు అని. అన్న కాదురా, నాకంటే చిన్నోడు అని బాపు దిద్దేవాడు. కావాలనే తప్పు చెప్పి దిద్దించుకునేవాడు వాడు.

పోయిన వానాకాలంలో తమ్ముడు డెంగీతో పోయాడు. జ్వరమన్నాడు, ఆసుపత్రికి తీసుకుపోయాం, తిరిగి తెచ్చుకోలేదు. దీన్ని ఇంతకంటే పొడుగ్గా చెప్పడం నాకు చేతకాదు. చెప్పమని అడిగినవాళ్ళకు కూడా ఇదే చెప్పాను. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూశాను. తొందర్లోనే పనికి పోయాను. పర్వత్ పాటియాలో ఆన్‌లైన్ చీరల గోదాములో వెనక్కొచ్చిన పార్సిళ్ళు విప్పి, చీర బాగుందా చిరిగిందా చూసి పక్కన పెట్టడం నా పని. విప్పాను, చూశాను, పెట్టాను. చేతులు పనిచేస్తూనే ఉన్నాయి.

వాడికి పెళ్ళి కాలేదు కాబట్టి పెద్దకర్మ లేదన్నారు. చిన్నగా అన్నీ ముగించారు. తాపీ నది ఒడ్డున మా మంగలి పీట వేసి కూచుంటే, బాపు పోయి ఆ పీట మీద కూచున్నాడు. కులపెద్ద వెనకనుంచి వచ్చి భుజం పట్టుకున్నాడు. తండ్రివి, పెద్దోడివి, చిన్నోడు పోతే పెద్దోడు గుండు చేసుకోకూడదు, లే అన్నాడు. బాపు లేచాడు. మా చిన్నాయన కొడుకు, తమ్ముడికంటే చిన్నవాడు, ఆ పీట మీద కూచున్నాడు. ఇదంతా నేను పక్కనుంచి చూశాను. చూసి మర్చిపోయాను కూడా. ఆ రోజు చూసినవాటిలో అదొకటి, అంతే.

అమ్మ ఒడ్డుకు రాలేదు కాబట్టి ఆమె అది చూడలేదు. ఆమె చూసింది వేరే. అన్నీ అయిపోయిన మర్నాడు పొద్దున బాపు తలకు నూనె పెట్టుకుని, అద్దం ముందు దువ్వుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని ఖాతాకు పోయాడు. మా బాపు జుట్టు ఈ వయసులోనూ ఒత్తుగా ఉండేది. రోజూ దువ్వుకున్నట్టే దువ్వుకున్నాడు. కంట్లో చుక్క లేదు. నాకు కూడా లేదు. కానీ నేను దువ్వెన పట్టింది అమ్మ చూడలేదు, ఆయనది చూసింది.

ఆ రోజు నుంచి ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది. కోపంగా ఉండి మానేస్తే కోపం పోయాక మాట్లాడతారు. ఆమె కోపంగా కూడా లేదు. అన్నం వడ్డించేది. ఏం చెప్పాలన్నా నాకు చెప్పేది, ఆయన ఎదురుగా కూచునే ఉన్నా. మీ బాపును తినమను. మీ బాపును తలుపేసుకొమ్మను. గోడకు తగిలించిన బ్యాట్‌ను ఎవరూ ముట్టలేదు. స్నానాలగదిలో అర మీద తమ్ముడి రేజర్, సబ్బు డబ్బా ప్లాస్టిక్ మగ్గులో అట్లాగే ఉన్నాయి. ఒకసారి నేను కడుగుదామని తీస్తే అమ్మ నా చేతిలోంచి లాక్కుని మళ్ళీ అక్కడే పెట్టింది.

ఒకరోజు లేసు కుడుతూ, దీపావళి సెలవులకు సిరిసిల్లలో చిన్నమ్మ దగ్గరికి పోతానంది. సరే అన్నాను. ఇక్కడ ఖాతాలన్నీ దీపావళికి మూతపడతాయి, అందరూ ఊళ్ళకు పోతారు, అందులో వింత లేదు. సూది ఆపి నా వైపు చూసింది.

"ఇగ మళ్ళ రాను బిడ్డా. కొడుకు పోయినంక దువ్వెన పట్టిన మనిషితోని నేను ఉండలేను. నువ్వొస్తే రా, లేకుంటే లేదు," అంది.

ఇంకెవరైనా అయితే బతిమాలేవాళ్ళేమో. నేను ఫోన్ తీసి, పండగ రద్దీ తగ్గాక ఏ రోజుకు సీటుందో చూసి టికెట్ చేశాను. ఒకటే చేశాను. ఆమె లేకుండా ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో ఆలోచించాల్సింది. ఆలోచించడానికి కూడా ఒంట్లో ఏదో ఉండాలి కదా, అది లేదు. బాపుకు ఆ సంగతి నేనే చెప్పాను, గట్టిగా, రెండుసార్లు. సరే అన్నాడు. ఇంట్లో అందరమూ సరే అనేవాళ్ళమే.

దీపావళి ఇంకా ముందుందనగా ఒక పొద్దున, నేను పనికి బయల్దేరుతుంటే టీవీలో ఆ బ్యాట్స్‌మన్ ఫోటో వచ్చింది. ముంబైలో పొద్దున్నే నడకకు పోయి పడిపోయాడట, లేవలేదట. కుర్రతనంలో హెల్మెట్ తీసి బ్యాట్ ఎత్తిన ఫోటో. కింద ఇంటిపేరు, ఇంగ్లిషులో. బాపు చాయ్ తాగుతున్నాడు. తెర మీద అక్షరాలు చూశాడు. గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. తర్వాత స్నానాలగదిలోకి పోయాడు. నీళ్ళ చప్పుడు. వేసుకున్న బట్టలతోనే తలమీద పోసుకుని, కారుతూ బయటికొచ్చాడు.

"సూతకం. మన పాలోడు పోయిండు," అన్నాడు.

ఆ పూటే ఖాతాకు పోవడం మానేశాడు. నేల మీద పడుకున్నాడు. ఒక్కపూటే తిన్నాడు. తలకు నూనె లేదు, దువ్వెన లేదు. దేవుడి అర మీద గుడ్డ కప్పేశాడు. కొడుకు పోయినప్పుడు చెయ్యనివన్నీ ఒక్కొక్కటిగా చేశాడు, టీవీలో మనిషికి. అమ్మ మొదట నవ్వింది. ఆ నవ్వు వినకుండా ఉంటే బాగుండేది.

"మీ బాపును అడుగు బిడ్డా. కడుపుల పుట్టినోడు పోతే గిదంత ఏడ వాయె?" అంది.

నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. వానాకాలం తర్వాత నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు. నేల మీద కూచున్న ఆయన చెవి దగ్గరికి పోయి అరిచాను. ఆయన మన పాలోడు కాదు, ఆయనకు దీర్ఘం ఉంది, నీకు నలభై ఏళ్ళ కింద చూపించినా వందేళ్ళ తర్వాత చూపించినా అది దీర్ఘమే అని. లెక్క కూడా తప్పు చెప్పాను ఆ మంటలో. ఆయన నన్ను చూసి, వినబడిందన్నట్టు తల ఊపి, కళ్ళు మూసుకున్నాడు. అమ్మ ఆ రోజే బ్యాగు దించి చీరలు సర్దడం మొదలుపెట్టింది.

దీపావళి వచ్చింది. గల్లీ అంతా టపాసులు, మా గడపలో ఒక్క ప్రమిద లేదు. తమ్ముడు పోయిన ఏడు కాబట్టి ఎట్లాగూ పండగ లేదు, కానీ బాపు మాత్రం వచ్చినవాళ్ళందరికీ పాలోడి సూతకమనే చెప్పాడు. జనం పక్కకు పోయి నవ్వుకున్నారు. కొడుకు పోయాక మతి చలించిందన్నారు కొందరు. నాకూ అట్లాగే అనిపించింది, కాకపోతే దాని గురించి ఏం చెయ్యాలో తోచలేదు.

దినాలు అయిపోయే రోజు, అమ్మ రైలు రోజు ఒకటే అయింది. మధ్యాహ్నం రైలు. పొద్దున్నే బాపు తువ్వాలు భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. జర నాతో ఒడ్డుదాకా రా, ఒక్కణ్ణి పోబుద్ధి కావడం లేదన్నాడు. అమ్మ తలుపు పక్కన బ్యాగు పెట్టుకుని కూచుంది. త్వరగా వచ్చెయ్ అని నాకు చెప్పింది. నేను విసుక్కుంటూనే పోయాను.

ఒడ్డున అదే మంగలి. జగిత్యాల వైపు మనిషి, పర్వత్ పాటియాలో సెలూన్ ఉంది, మా వాళ్ళ చావులకు పీట వేసేది ఆయనే. బాపు పోయి కూచున్నాడు. మంగలి నీళ్ళు చల్లి జుట్టు తడిపాడు. కత్తి పదును చూసి, ఎవరు పోయారని అడిగాడు. పాలోడని బాపు చెప్పాడు. మంగలి చెయ్యి ఆగింది.

"నీకు పెద్దనా, చిన్ననా? చిన్నోడైతే నేను కత్తి పెట్ట. మొన్న కొడుకప్పుడు నిన్ను గీ పీట మీదికెల్లే లేపిన్రు, యాదున్నది గద?" అన్నాడు.

"పెద్దోడు," అన్నాడు బాపు.

నా నోట్లోంచి బాపూ అని వచ్చేసింది. ముప్పై ఏళ్ళు ఒకటే మాట విన్న చెవులు నావి. నాకంటే చిన్నోడు, నాకంటే చిన్నోడు. తమ్ముడు కావాలని తప్పు చెప్పినా ఊరుకోకుండా దిద్దిన మనిషి. వరుస మర్చిపోయాడనుకున్నాను. దిద్దుదామనుకున్నాను, నిజంగా. మంగలి నా వైపు తిరిగాడు. ఏంది బిడ్డా, ఎవరు పెద్ద అని అడిగాడు.

బాపు మంగలిని చూడలేదు. నన్ను చూశాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి, ఆ వంకర వేలు కూడా. అడుక్కునేవాళ్ళ మొహం కాదది, ఏమీ అడగలేదు. పీట అంచులు మాత్రం కాళ్ళతో గట్టిగా పట్టుకుని కూచున్నాడు, మళ్ళీ ఎవరో వచ్చి లేపుతారన్నట్టు. అప్పుడు నాకు వానాకాలంలో ఆ భుజం మీద పడ్డ చెయ్యి గుర్తొచ్చింది.

"ఆయనే పెద్ద. మా బాపుకు అన్న అయితడు," అన్నాను.

మంగలి సరేనని కత్తి పెట్టాడు. జుట్టు తడితడిగా బాపు ఒళ్ళో పడింది, నెరిసినవి, నెరవనివి. ఆయన కదల్లేదు. అయ్యాక లేచి నీళ్ళలోకి దిగాడు. మునిగే ముందు పోయినవాళ్ళ పేరు తలుచుకోమని మంగలి ఒడ్డునుంచి కేకేశాడు. బాపు పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. సాంచాల మోతలో మాట వినబడదు కాబట్టి ఖాతాలో పెదవులు చూసే మాట్లాడుకుంటారు, మేం పిల్లలం డబ్బా ఇవ్వడానికి పోయి పోయి అది నేర్చుకున్నాం. నాకు స్పష్టంగా తెలిసింది. ఆయన అన్నది తమ్ముడి పేరు. మునిగి లేచి మళ్ళీ అన్నాడు. మళ్ళీ మునిగాడు. నేను ఒడ్డున మెట్టు మీద కూచున్నాను. ఆయనతోపాటు నేనూ చప్పుడు లేకుండా వాడి పేరు అన్నాను. వాడు పోయాక ఆ పేరు నా నోట రావడం అదే మొదలు.

ఇంటికొచ్చేసరికి అమ్మ చెప్పులు వేసుకుని నిలబడి ఉంది. నా మీద విసుక్కోబోయి ఆయన తల చూసింది. చాలాసేపు చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ తలను ఆమె జుట్టు లేకుండా చూసి ఉండదు. నా వైపు తిరిగి, ఎప్పటిలాగే, మీ బాపును అడుగు ఎవరి కోసం చేసుకున్నాడో అంది.

"నువ్వే అడుగు," అన్నాను.

గడపలో మేం ముగ్గురం అట్లాగే నిలబడ్డాం. గల్లీలో ఎవరో ఆటో తిప్పుకుంటున్నారు. అమ్మ ఆయన చెవికి వినబడేటట్టు కొంచెం ముందుకు జరిగింది.

"గాయన నీకంటే చిన్నోడంటివి గదా? చిన్నోనికి ఎట్ల చేసుకుంటివి?"

"పెద్దోడని చెప్పిన."

"ఎందుకట్ల చెప్పినవ్?"

బాపు తడి తువ్వాలును చేతుల్లో మెలిపెడుతూ ఉన్నాడు. ఖాతా మోతకు అలవాటుపడి ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ మాట మాత్రం మాకు వినీవినబడకుండా అన్నాడు.

"చిన్నోనికైతే చెయ్యనియ్యరు."

అమ్మ చెప్పులు విడిచి, ఆయన్ని భుజం పట్టి లోపలికి తెచ్చి, తను లేసు కుట్టే పీట మీద కూచోబెట్టింది. వెనక్కి పోయి చూసింది. ఎడమ చెవి వెనక కాస్త జుట్టు గీయకుండా మిగిలిపోయింది. దాన్ని వేలితో ముట్టింది. స్నానాలగదిలోకి పోయి ప్లాస్టిక్ మగ్గు తెచ్చింది. అందులోంచి తమ్ముడి రేజర్ తీసి, నీళ్ళలో ముంచి, బాపు చెవిని ఒక చేత్తో మెల్లగా ముందుకు వంచి, ఆ మిగిలిన జుట్టు గీసింది.